పన్నెండో మార్పు

ఆ ఏడాది మార్పు అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది.

కోరుట్ల బయట, జగిత్యాల పోయే రోడ్డు పక్కన యూనివర్సిటీ వాళ్ళు ఆడపిల్లల హాస్టల్ కడుతున్నారు. ఆ పనికి నేను అసిస్టెంట్ ఇంజినీరును. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు, నా చేతికి వచ్చిన మొదటి పెద్ద పని అది. హైదరాబాదు నుంచి నక్షా వచ్చింది, కాంట్రాక్టరు వచ్చాడు, ముగ్గు పోశాం. ఇక ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోవడమే అనుకున్నాను. అప్పటి నా అమాయకత్వం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఒప్పందం అయిపోయాక నక్షాలో ఒక గోడ జానెడు జరగాలన్నా దానికో కాగితం ఉండాలి. దాన్ని వేరియేషన్ ఆర్డరు అంటారు. ఏం మారుతుంది, ఎంత మారుతుంది, ఎందుకు మారుతుంది అని అందులో మూడు గళ్ళుంటాయి. అవి నింపి కింద నేను, నా పైన ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, సంతకం పెడితే తప్ప కాంట్రాక్టరు మనుషులు ఆ గోడను ముట్టుకోరు.

పునాది లేచేసరికే కాలేజీ ప్రిన్సిపాల్ గారి వాస్తు మనిషి వచ్చి మెట్లు తప్పు దిక్కున ఉన్నాయన్నాడు. మొదటి ఆర్డరు. గేటు తూర్పుకు మార్చారు, రెండోది. శంకుస్థాపన రాయి రోడ్డు మీదకు కనిపించడం లేదని ఒక నాయకుడు అలిగాడు, మూడోది. వార్డెన్ గది చిన్నదైంది, తరవాత పెద్దదైంది. గేటు మళ్ళీ ఉత్తరానికే పోయింది, అంటే ఆరో ఆర్డరు రెండో ఆర్డరును రద్దు చేయడానికే పుట్టింది. ఇలా సెప్టెంబరు వచ్చేసరికి పదకొండయ్యాయి. ఎందుకు అనే గడిలో పదకొండింటికీ నేను రాసింది ఒకటే వాక్యం: పాలనాపరమైన అవసరాల దృష్ట్యా. ఆ మాటకు అర్థమేమిటో నాకూ తెలియదు, చదివేవాళ్ళకూ తెలియదు, అందుకే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఎనిమిదో ఆర్డరు, తొమ్మిదో ఆర్డరు నడుమ నా దగ్గరికి మొగిలవ్వ వచ్చింది.

ఊళ్ళో అద్దెకు తీసుకున్న పాత హాస్టల్‌లో ఆమె వంట చేస్తుంది. పదిహేనేళ్ళుగా రోజూ రెండు పూటలా రెండు వందల మంది పిల్లలకు వండుతోంది. మనిషి అయిదడుగులకు జానెడు తక్కువ. మల్లాపూర్ దగ్గరి ఊరు వాళ్ళది. పెనిమిటి హన్మండ్లు తాళ్ళెక్కి కల్లు గీసేవాడు, మోకాళ్ళు పోయినప్పటి నుంచి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆమె వంట మీదే ఆ ఇల్లు నడుస్తోంది. కొత్త వంటిల్లు ఎలా ఉంటుందో చూద్దామని వచ్చి, గోడ మీద సుద్దతో గీసిన గుర్తు ముందు నిలబడింది. అది పొయ్యిలు పెట్టే గద్దె ఎత్తు. దాదాపు ఆమె రొమ్ము దాకా వచ్చింది.

"ఇంజినీరమ్మా, గీ గద్దె గింత ఎత్తెందుకు? దీని మీద పొయ్యి, పొయ్యి మీద డేగిసా పెడితె నా తలకాయ మీదికి పోతది. అన్నం ఉడికిందో లేదో ఎట్ల చూడాలె? గంజి ఎట్ల వార్చాలె?"

రెండు వందల మందికి అన్నం వండే పొయ్యి నేల మీదే ఉండాలని, ఉడికాక ఇద్దరు ఆడవాళ్ళు గుడ్డలు పట్టి డేగిసాను పక్కకు జరిపి, రాయికి ఆనించి వంచితేనే గంజి దిగుతుందని ఓపికగా చెప్పింది. పక్కన ఒక మోరీ ఉంటే గంజి దాంట్లోకి పోతుందనీ చెప్పింది. నేను వినలేదు. అప్పటికి ఎనిమిది ఆర్డర్లు రాసి చేతులు నొప్పి పెడుతున్నాయి. అడగాల్సిన వాళ్ళందరూ అడిగేశారు, ఇప్పుడు వంటామె కూడానా అనిపించింది. అంత మాటా పైకి అనలేదు గానీ అందుకు తక్కువేమీ అనలేదు.

"నక్షల ఉన్నట్టే కడ్తం అవ్వా. అలవాటైతది" అన్నాను.

ఆమె నా మొహం కాసేపు చూసి వెళ్ళిపోయింది. పది రోజులకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే అన్నాను.

సెప్టెంబరు పదమూడున సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు, కాలేజీలు మూశారు, హాస్టల్ పిల్లలు ఇళ్ళకు పోయారు. తెలంగాణ వచ్చేదాకా కలం ముట్టేది లేదని మా ఆఫీసు మొత్తం జగిత్యాలలో టెంటు వేసుకుని కూర్చుంది. మా ఈఈ కరుణాకర్ సారుది బీర్పూర్. ఆరడుగుల మనిషి. ఆఫీసులో ఫైళ్ళ వెనక సగం కనిపించేవాడు, టెంటు కిందకి రాగానే పదేళ్ళు తగ్గిపోయాడు. ఉపన్యాసం ఇచ్చేవాడు, పాట అందుకునేవాడు, బతుకమ్మ ఆడే ఆడవాళ్ళకు దారి ఇవ్వమని లారీలను ఆపేవాడు. నాకూ బాగానే ఉంది. పన్నెండో ఆర్డరు అడిగేవాళ్ళు లేరు, అడిగినా రాసే కలం లేదు.

కాంట్రాక్టరు పని మాత్రం ఆగలేదు. అతని సూపర్‌వైజరు గోవర్ధన్ మంచివాడే గానీ గడువు భయం ఉన్నవాడు. దసరా అయ్యాక రెండో సోమవారం వంటింటి గద్దెకు కాంక్రీటు పోస్తామని టెంటు దగ్గరికి వచ్చి కబురు చెప్పి పోయాడు. ఇనుము కట్టడం అప్పటికే అయిపోయిందట.

ఆ మర్నాడే మొగిలవ్వ ఆటోలు మారి జగిత్యాల వచ్చింది. టెంటులో నా పక్కన కూర్చుంది. మెల్లగా విషయం చెప్పింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సారు కొత్త వంటిల్లు చూసి, ఈ ముసలివాళ్ళు ఇందులో వండలేరు, క్యాటరింగ్ వాళ్ళను పెడదామన్నాడట. ఆమెతో పాటు పనిచేసే వెంకటవ్వ, బాలమ్మ కూడా పోవాల్సిందే.

"నాకు వంట రాదని తీసేస్తె ఊకుందును బిడ్డా. గద్దె అందదని తీసేస్తరట" అంది.

ఆమె మొదటిసారి నన్ను బిడ్డా అంది. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆర్డరు రాయడానికి జులైలో కలం ఉంది, మనసు లేదు. ఇప్పుడు మనసొచ్చింది, కలం లేదు. సమ్మెలో ఒక్క సంతకం పెట్టినా అందరిలో పరువు పోతుంది, అది నాకూ తెలుసు, సారుకూ తెలుసు. ఏదో ఒకటి చేస్తానని చెప్పి పంపించాను. ఏం చేస్తానో నాకే తెలియదు.

దసరాకు సిరిసిల్లలో మా ఇంటికి పోయాను. మా నాయన లచ్చయ్య ముప్పై ఏళ్ళు సాంచాల మీద పనిచేశాడు. మరమగ్గాలను మా ఊళ్ళో సాంచాలంటారు. ఇప్పుడు మానేశాడు గానీ, ఒక అలవాటు పోలేదు. ఎంత వెడల్పు దర్వాజ అయినా పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పట్టి దాటుతాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు రెండు చేతుల్లో చాయ్ గ్లాసులు పట్టుకుని అలాగే పక్కకు తిరిగి గదిలోకి వచ్చాడు. ఎందుకో అప్పుడు అడిగాను, ఇలా ఎందుకు నడుస్తావని.

"సాంచాల నడుమ సందు గంతే ఉండె బిడ్డా. సేటు షెడ్డు కట్టేటప్పుడు ఎన్ని సాంచాలు పడ్తయో చూసిండు. నేనెంత పడ్తనో చూడలె."

నాయన ఆ మాట నవ్వుతూనే అన్నాడు, ఆయనకు అందులో బాధేమీ లేదు. నేను మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ సేటును తిట్టుకోవడానికి నాకు నోరెక్కడిది? నేనూ ఇంజినీరు చదువు చదివి సుద్దముక్కతో అదే పని చేశాను. మర్నాడు దొరికిన ఆటో పట్టుకుని వేములవాడ దాకా, అక్కడి నుంచి మరో ఆటోలో, జగిత్యాల చేరాను.

తరవాతి వారం ఇంజినీర్ల వంతు వంటా వార్పు ఉంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వార్చి, అక్కడే అందరూ తినడం. సమ్మె రోజుల్లో బండ్లను ఆపడానికి అంతకంటే రుచికరమైన మార్గం లేదు. వంట సామాను ఏర్పాటు నేను చూసుకుంటానన్నాను. మొగిలవ్వకు కబురు పెట్టి హాస్టల్ పెద్ద డేగిసాలు రెండు తెప్పించాను. గోవర్ధన్‌ను అడిగి సైటు నుంచి ఒక ట్రాలీ ఇటుక పట్టించాను.

ఊరి నడుమ గడియారం టవర్ దగ్గర రోడ్డు మధ్యలో టేపు పెట్టి కొలిచి, రెండడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తున ఇటుకతో గద్దె పేర్పించాను. ఇదెందుకని కరుణాకర్ సారు అడిగితే, దుమ్ము పడకుండా సార్ అని చెప్పాను. ఆయన నా ముందుచూపును నలుగురికీ చెప్పి మెచ్చుకున్నాడు. గద్దె మీద పెద్ద గ్యాస్ పొయ్యి, దాని మీద డేగిసా ఎక్కింది. మొగిలవ్వ అటువైపు చూడనైనా చూడలేదు. పది అడుగుల దూరంలో నేల మీద మూడు రాళ్ళు పెట్టుకుని, కట్టెలు ఎగదోసి, తన డేగిసా తను ఎక్కించింది.

కరుణాకర్ సారుకు తన వంట మీద మహా నమ్మకం. చదువుకునే రోజుల్లో గదిలో పది మందికి వండేవాడినని చెప్తూ తెడ్డు పట్టాడు. మొదటి పావుగంట బాగానే గడిచింది. తరవాత చేతులు భుజాల పైకి లేపి కలపలేక తెడ్డు ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఇంకొకరు పొట్టివాడు, అతనికి కుర్చీ వేశారు. లోపల అన్నం ఏ స్థితిలో ఉందో చూడాలంటే ఆవిరిలో మొహం పెట్టాలి. ఉడికిందని ఒకరు, లేదని ఒకరు వాదించుకున్నారు. మొత్తానికి ఉడికిందని తేల్చారు. ఇక గంజి వార్చాలి.

నలుగురు ఇంజినీర్లు గుడ్డలు పట్టుకుని నాలుగు వైపులా నిలబడ్డారు. దించాలా, అక్కడే వంచాలా అన్న చర్చ మొదలైంది. దించితే మరిగే గంజి మీద పడుతుంది. వంచితే డేగిసాతో పాటు పొయ్యి కూడా వస్తుంది. చర్చ జరిగినంతసేపూ అన్నం ఉడుకుతూనే ఉంది. అటు మొగిలవ్వ, వెంకటవ్వ డేగిసాను రాళ్ళ మీద నుంచి జరిపి, ఒక రాయికి ఆనించి, మూత అడ్డం పెట్టి వంచారు. గంజి దారగా దిగిపోయింది. కొంగుకు చేతులు తుడుచుకుని ఆమె ఇటు చూసింది. మావాళ్ళు మంట ఆర్పేసరికి మా అన్నం సంకటి అయింది.

జనం పడీ పడీ నవ్వారు. కరుణాకర్ సారు కూడా నవ్వాడు. అందరూ మొగిలవ్వ అన్నం తిన్నారు, సంకటిని సారు పట్టుదలగా ఒక్కడే తిన్నాడు. చేయి కడుక్కుని నా పక్కకు వచ్చి, ఆ ఇటుకల గద్దె కేసి చూశాడు.

"శ్రీలతా, గీ ఎత్తు ఎవరు చెప్పిండ్రమ్మా?"

"మీరు సంతకం పెట్టిన నక్షల ఉన్నది సార్. మన హాస్టల్ వంటింటిది."

ఆయన నవ్వు ఆగింది. అప్పుడు మొత్తం చెప్పాను. మొగిలవ్వ రెండుసార్లు వచ్చిందనీ, రెండుసార్లూ తిప్పి పంపింది నేనేననీ, సోమవారం కాంక్రీటు పడితే ముగ్గురి బతుకు పోతుందనీ చెప్పాను. 

"రాష్ట్రం నక్షానే మార్చుమని రోడ్డు మీద కూసున్నం. వంటింటి నక్ష మార్చలేమా?" అన్నాడు సారు. అన్నాక జేబులో కలం మీదకు చెయ్యి పోయింది, వెంటనే వెనక్కి వచ్చింది. చుట్టూ ఆఫీసు మొత్తం ఉంది. సమ్మె అయ్యాక పెడతానన్నాడు. సమ్మె ఎప్పుడు అవుతుందో ఎవరికీ తెలియదు. సోమవారం మాత్రం మూడు రోజుల్లో వస్తుంది.

ఇటుకలు తీసుకుపోవడానికి వచ్చిన గోవర్ధన్‌ను అడిగాం, వారం ఆగమని. అతను తల పట్టుకున్నాడు. కాగితం లేకుండా తను ఆపితే ఆలస్యం తన మీదకు వస్తుందని, ఏదైనా కారణం ఉంటే చూపించమని బతిమాలాడు. నోటిమాట కారణం కాదు, రిజిస్టరులో రాసుకునేటట్టు ఉండాలి.

 డేగిసా అడుగు గీకుతున్న మొగిలవ్వ తల ఎత్తకుండానే అడిగింది.

"రోడ్డు మీద వండితె బండ్లు ఆగినయ్ కద సారూ. గా వంటింట్ల వండితె పని ఆగదా?"

కరుణాకర్ సారు ఆమె వైపు చూసి, నా వైపు చూసి, లేచి టెంటులోకి పోయి మైకు అందుకున్నాడు. సోమవారం వంటా వార్పు కోరుట్ల రోడ్డులో, యూనివర్సిటీ హాస్టల్ వంటింట్లో జరుగుతుందని ప్రకటించాడు. ఎందుకక్కడ అని ఎవరూ అడగలేదు. అన్నం మొగిలవ్వ వండుతుందా అని మాత్రం అడిగారు.

సోమవారం పొద్దున ఏడింటికే మేం చేరాం. ఇంజినీర్లు, గుమాస్తాలు, టైపిస్టులు కలిసి యాభై మంది దాకా ఉన్నాం. పైకప్పు ఇంకా పడలేదు, గోడలు లేచాయి, ఒక పక్కన గద్దెకు కట్టిన ఇనుము బయటకు కనిపిస్తోంది. దానికి సరిగ్గా ముందు మొగిలవ్వ రాళ్ళు పెట్టి మంట వేసింది. గోవర్ధన్ మిక్సరు బండితో వచ్చేసరికి పొగ గోడలు దాటి లేస్తోంది. అతను దర్వాజలో నిలబడి ఆ పొగను, జెండాలను, ఆరడుగుల ఈఈ ఉల్లిగడ్డలు కోయడాన్ని తృప్తిగా చూశాడు. రిజిస్టరు తీసి, తెలంగాణ ఉద్యమంలో భాగంగా వంటా వార్పు జరిగినందున పని ఆగినది అని రాసి, తారీఖు వేసి, విస్తరి ముందు కూర్చున్నాడు. అతని వెనకే మేస్త్రీలు, కూలీలు కూర్చున్నారు. నా జీవితంలో పని ఆగినందుకు కాంట్రాక్టరు మనుషులు రెండోసారి పప్పు వేయించుకోవడం అదే మొదలు, అదే చివర.

ఆ వారమంతా ఏదో ఒక ఆఫీసు వంతు పెట్టుకుని అక్కడే వండింది. వారం తిరిగేసరికి ఉద్యోగుల సమ్మె వాయిదా పడింది. తెలంగాణ రాలేదని అందరికీ దిగులుగానే ఉంది. టెంటు విప్పుతుంటే కొందరు ఏడ్చారు. రాకుండా ఎక్కడికి పోతుందని సారు అన్నాడు గానీ ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

మర్నాడు ఆఫీసు తెరిచాక నేను మొదట తీసిన కాగితం పన్నెండో ఆర్డరు. ఇంత చిన్న మార్పుకు ఈఈ సంతకం చాలు. ఏం మారుతుంది: వంటింటి గద్దె తీసివేత, నేల మీద పొయ్యిలు, పక్కన గంజి మోరీ. ఎంత మారుతుంది: కొలతలు రాశాను. మూడో గడి దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అలవాటుగా పాలనాపరమైన అని మొదలుపెట్టింది. ఆ కాగితం చించేసి ఇంకోటి తీసుకున్నాను.

సారు గదిలోకి తీసుకుపోయి ముందు పెట్టాను. ఆయన కలం తీసి, మూడో గడి చదివి ఆగాడు. అందులో ఇలా ఉంది: వంట చేసే మనిషిని ముందు అడగనందున.

ఇది ఆడిట్ వాళ్ళు చదువుతారు కదా అన్నాడు. చదవనివ్వండి సార్ అన్నాను. ఆయన ఒక్క అక్షరం కొట్టేయకుండా సంతకం పెట్టాడు. నలభై రెండు రోజుల తరవాత పెట్టిన మొదటి సంతకం కదా, కలం కాస్త మొరాయించింది.

గద్దె ఇనుము విప్పి, నేల మీద పొయ్యిలు కట్టించిన రోజున మొగిలవ్వను పిలిపించాను. ఆమె ఖాళీ డేగిసాను పొయ్యి మీద పెట్టి చూసింది, వంచి చూసింది, మోరీలో ఒక చెంబు నీళ్ళు పోసి అవి ఆగకుండా పోవడం చూసింది.  కొంగుతో కళ్ళు తుడుచుకుంది, పొగ లేని పొయ్యి ముందు. తరవాత దర్వాజ దగ్గరికి పోయి, డేగిసాను అడ్డంగా పట్టుకుని చౌకట్టుకు ఆనించి, అది పట్టకపోవడం చూసి, నా వైపు తిరిగి నసిగింది.

"బిడ్డా, నువ్వు కోపానికి రావంటె ఇంకొక్క మాట."

నేను కింద పరిచిన ఇసుక మీద కూర్చుని, సంచిలో నుంచి కొత్త కాగితం తీసి, పైన పదమూడు అని అంకె వేసుకున్నాను.

"చెప్పు అవ్వా" అన్నాను.